సముద్రం అడుగున చప్పుడు

"ఆ ఫైలు ముట్టుకున్నారంటే ఊరుకోను!"

ఉద్యోగంలో చేరిన రోజే ఉమామహేష్‌కి దక్కిన స్వాగతమది. పలాసలో జీడిపప్పు గోదాముల వెనక మేడ మీద ఆఫీసు. నడిసముద్రంలో డ్రిల్లింగ్ చేసిన ఓడల సమాచారాన్ని చెడకుండా భద్రపరచడం అక్కడి పని. కసిరిన అమ్మాయి అక్కడే పనిచేసే గౌరీశ్వరి, అక్కుపల్లి జాలరి కూతురు.

"అది ఉత్త నాయిస్ మేడమ్. తిరుమలరావు సార్ డిలీట్ సేసెయ్మన్నారు," అన్నాడు టెక్కలి నుంచి వచ్చిన ఉమామహేష్.

"ఇన్నారేటి మీరు?"

"లేదు."

"ఇనకుండానే సెరిపేత్తారా? ఏం సదువండీ బాబూ!"

హెడ్‌ఫోన్స్ తీసి అతని చెవులకి తగిలించింది. ఆమె వేళ్లు జుట్టుకి తగిలేసరికి అతను ఫైలు మాటే మరిచిపోయాడు. బయట పట్టపగలే చీకటి కమ్మి వాన దిగింది.

మొదట నీటి హోరు. తర్వాత టక్. టక్ టక్.

"పైపు కొట్టుకుంటంది," నవ్వాడు.

"పైపెక్కడిది? ఓడ ఎల్లిపోయి అప్పటికి మూడ్రోజులు. రెండున్నర కిలోమీటర్ల లోతున ఆళ్లొదిలెల్లిన మైకొక్కటే ఉంది. సేపలు బెదిరి వల్లో పడాలని మావోళ్లు పడవ బల్ల మీద అచ్చం ఇలాగే కొడతారు."

నవ్వు ఆగిపోయింది. చప్పుడు దగ్గరవుతోంది. చివరికి మైకు పక్కనే ఎవరో మెల్లగా ఊపిరి వదిలారు. రికార్డింగ్ అక్కడితో ఆఖరు.

"మీకూ ఇనబడిందా?" ఆమె అతని చెవుల నుంచి హెడ్‌ఫోన్స్ లాగేసింది. "పదిరోజులై ఒక్కదాన్నే ఇంటన్నాను. సెప్తే పిచ్చిదన్నారు."

"ఇనబడింది."

ఆమె కళ్లు నిండాయి. ఇన్‌ఛార్జి తిరుమలరావు లోపలికొచ్చాడు. "సెరిపేసినావేటయ్యా?"

"లేదు సార్. దాయడమే మన పని. నా పేరు మీద ఉంచండి."

"పైవోళ్లడిగితే ఉజ్జోగం పోద్ది. తర్వాత నన్ననకు."

"అననండి."

గౌరీశ్వరి అతనివైపు చూసింది. ఆ చూపుకి ఉద్యోగం చిన్నదనిపించింది.

పైవాళ్లు ఏమీ అడగలేదు. మూడు నెలల టీలు, అలకలు గడిచాక ఆమె అతన్ని అక్కుపల్లి తీసుకెళ్లింది. తండ్రి అప్పలస్వామి పడవ పక్కన కూర్చుని ఉన్నాడు.

"మా పిల్ల ఇన్నది నిజమేనా? ఎలాగుంటాదది?"

ఉమామహేష్ పడవ బల్ల మీద కొట్టి చూపించబోయాడు. ముసలాయన చటుక్కున అతని చెయ్యి పట్టేశాడు.

"ఇక్కడొద్దు. సేపల్లేని ఒడ్డున కొడితే, ఆళ్లని మనం పిలిసేమనుకుంటారు."

"ఎవులు మావా?"

ముసలాయన సముద్రం వైపు చూశాడు. అలలు ఒక్కసారిగా నెమ్మదించాయి. గౌరీశ్వరి మాత్రం సిగ్గుతో తలొంచుకుంది.

అప్పుడుగాని తన నోట ఏ పిలుపు జారిందో అతనికి తెలియలేదు.

అప్పలస్వామి పట్టుకున్న చేతిని వదలకుండానే లేచాడు. "మావా అన్నావు గదా, ఇంటికి పద. సముద్రానికి ఈపు పెట్టి నడు. ఎనక్కి సూడకండి, ఇద్దరూను."