ఏసీ గది బయట చెప్పులు

ఏసీ గది బయట మళ్లీ రెండు జతలే ఉన్నాయి. నీలం పట్టీల స్లిప్పర్లు రుక్మాబాయివి. వాటికి ఆనించి విడిచిన తోలు చెప్పులు ఖయ్యూంవి.

అంత పెద్ద వరండా ఉండగా ఆనించే విడవాలా?

అది 1988. సంతోష్‌నగర్‌లోని మా డ్రాయింగ్ ఆఫీసుకు కంప్యూటర్ వచ్చి ఏడాది కాలేదు. దుమ్ము పడుతుందని కాలికున్నవి బయటే విడిచి లోపలికి పోవాలి. నేను పోకపోవడానికి కారణం అదే. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే అని బాపు మురిసిపోయి బూట్లు కొనిచ్చాడు. ఆ బూట్లలోని సాక్సుకు బొటనవేలి దగ్గర రూపాయి బిళ్లంత చిల్లు. రెండో జతకు రెండు చిల్లులు.

నీళ్ల పైపుల మ్యాపుల మీద వీధుల పేర్లు తెలుగులో రావాలన్నారు పెద్దసారు ఎల్లప్ప గారు. మిషన్‌లో ఇంగ్లీషు అక్షరాలే ఉన్నాయి. తెలుగువి మేమే తయారు చేసుకోవాలి. ఆ పని రుక్మాబాయిది. లాల్‌దర్వాజా నుంచి వచ్చే టెంపరరీ ట్రేసర్, మ్యాపులకు నకళ్లు గీసే మనిషి. అక్షరాన్ని గ్రాఫ్ కాగితం మీద రాసి, పెన్ను ఏ దిక్కుకు ఎంత పోవాలో, ఎక్కడ పైకి లేవాలో అంకెల్లో టైపు చేసేది. ఒక్కో అక్షరానికి ఒక నంబరు, ఒక పేరు. ఖయ్యూం ఆ ఫైలును మిషన్‌కు తెలిసేలా మార్చి, పెన్ను పట్టి గీసే ప్లాటర్ మీద గీయించి నాకు చెకింగ్‌కు తెచ్చేవాడు. నేను చూసేది గీసిన షీటే. ఫైలు ఎన్నడూ చూడలేదు.

షీటు ఇచ్చినప్పుడల్లా ఖయ్యూం నవ్వేవాడు.

"ఏంది భాయ్ నవ్వుతున్నవ్?"

"కుచ్ నై భాయ్. అక్షరాలు మస్తుగున్నయి, చూస్కో."

ఒకరోజు రుక్మాబాయే వచ్చింది. "సార్, ‘ళ’ ఎట్లుంది?"

"తోక పొడుగైంది."

"ఖయ్యూం భాయ్ మంచిగుందన్నడు."

"అయితే సంతకం గూడ ఆయన్నే పెట్టమనుండ్రి."

ఆమె కనుబొమలు ఎగరేసింది. "లోపలికొచ్చి చూస్తే తెలుస్తది కద సార్. మూన్నెల్లాయె, ఒక్కసారన్న వస్తిరా?"

"నాకు పని లేదా?"

"అబ్బో, మస్తు పని!" అని షీటు చుట్టుకుని ఏసీ గదిలోకే పోయింది. లోపల ఇద్దరి నవ్వులు.

ఆ సోమవారం ఎల్లప్ప గారు పిలిచారు. "సాయిలూ, రుక్మాబాయి టెంపరరీ శనివారంతోని అయిపోతది. పని మంచిగ చేస్తదని రెండు లైన్లు రాసియ్యి. ఇంకో ఏడాది పెంచుత."

రాశాను. సంతకం పెట్టబోతుంటే ఏసీ గది అద్దం వెనక మళ్లీ నవ్వులు. కాగితం సొరుగులో పెట్టి తాళం వేశాను. మంగళవారం తీశాను. చెప్పులు చూసి మళ్లీ లోపల పెట్టాను. బుధ, గురువారాలూ అంతే. ఆ జీతం మీదే వాళ్లమ్మ చంద్రమ్మ గారి ఆయాసం మందులని నాకు తెలుసు. తెలిసే చేశాను.

శుక్రవారం, ఆమె పనిలో ఒక తప్పు దొరికితే నా మనసు కుదుటపడుతుందనిపించింది. లంచ్ టైంలో తోలు చెప్పులు మాత్రమే ఉన్నాయి. బూట్లు విడిచి, సాక్సులు విప్పి జేబులో కుక్కుకున్నాను. ఈ ఉపాయం మూడు నెలలుగా ఎందుకు తట్టలేదో దేవుడికే తెలియాలి.

"ఫైలు చూపియ్యి భాయ్."

ఖయ్యూం నవ్వు ఆగిపోయింది. "అల్లా కసం, నువ్వే అడిగినవ్. నేను జెప్పలే."

అక్షరం పక్కన రాసే పేరు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉంటే మిషన్ గుర్తు పెట్టుకుంటుంది. చిన్న అక్షరాల్లో రాస్తే చదివే మనిషి కోసమే, మిషన్ వదిలేస్తుంది. రుక్మాబాయి అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసింది. మాటలు మాత్రం తెలుగు.

‘గ’ పక్కన: సార్ ఇయ్యాల గూడ రాలే.

‘జ’ పక్కన: సార్ సాక్సుకు చిల్లుంది, బల్ల కింద బూట్లిడిసినప్పుడు చూసిన. గందుకేనా?

‘ళ’ పక్కన: తోక గాదు, సార్ కోపమే పొడుగు.

చివర ‘క్ష’ పక్కన: శనివారం ఆఖరు. ఒక్క మాటన్న అంటడో అనడో.

"మార్చేటప్పుడు అన్నీ సదవాల్నాయె," అన్నాడు ఖయ్యూం. "నీ మొఖం జూస్తే నవ్వు ఆగుతదా?"

తలుపు దగ్గర రుక్మాబాయి నిలబడి ఉంది. స్క్రీన్ చూసింది, నన్ను చూసింది. ముఖం ఎర్రబడింది.

"ముందు ఒకటి చెప్పాలె," అన్నాను. "మీ ఎక్స్‌టెన్షన్ కాగితం సోమవారం సంది నా సొరుగుల ఉంది. సంతకం పెట్టలే."

"ఎందుకు?"

"ఖయ్యూం భాయ్ చెప్పులు మీ చెప్పుల పక్కన ఉంటున్నయని."

"అరె, నా చెప్పులు ఏం జేసినయ్?" అన్నాడు ఖయ్యూం.

ఆమె నవ్వలేదు. "అంటే మా అమ్మ మందులకు తాళమేసినవన్నట్టు."

మొదటిసారి నన్ను నువ్వంది. ఆ పిలుపు కోసం ఎన్నాళ్లుగా ఎదురుచూశానో! ఇట్లా వస్తుందనుకోలేదు.

ఒట్టి కాళ్లతోనే ఉరికాను. సంతకం పెట్టి, ఎల్లప్ప గారి చేతికిచ్చి, "ఆలస్యం నాదే సార్" అని చెప్పి తిట్లు తిని వచ్చాను. ఆమె అటు తిరిగి కూర్చుంది.

"పెద్దసారు సంతకం గూడ అయింది."

ఆమె గ్రాఫ్ కాగితం ముందుకు లాక్కుంది.

కీబోర్డు ముందు కూర్చున్నాను. ఆమె ఇంకా చేయని ‘ఱ’ ఒక్కటే మిగిలింది. తోచిన అంకెలు వేసి, పక్కన చిన్న అక్షరాల్లో రాశాను: తప్పయింది. ఆదివారం వచ్చి మీ అమ్మను అడుగుదామనుంది, నీకిష్టమైతేనే.

ఆమె లేచి వచ్చి చాలాసేపు చదివింది.

"గీతలన్నీ తప్పే," అంది. "పెన్ను లేపుడు మర్చినవ్."

"పేరు?"

"పేరు మార్చకు." కీబోర్డు తన వైపు లాక్కుంటూ అంది, "ఆదివారం మాత్రం సాక్సులు కొత్తయి ఏసుకో. కోపం ఇంక పోలే, చెప్తున్న."

బయటికి వచ్చి చూస్తే నా బూట్ల పక్కన నీలం స్లిప్పర్లు. ఖయ్యూం తన చెప్పులు తీసుకెళ్లి వరండా ఆ చివర పెట్టుకున్నాడు.