పెట్యూనియా నోరు మూసిన రోజు

మారెన్ నాతో అన్న మొదటి మాట: "మీ పడవ నోరు కాస్త మూయిస్తారా? ఓవర్."

అదీ రేడియోలో. మా హారో జలసంధిలో రేడియో అంటే కుళాయి దగ్గర కబుర్లే. ఒకరి మాట అందరూ వింటారు.

పెట్యూనియా అనే మా పాత సరుకుల పడవలో నేనూ గస్ బాబాయీ దీవులకి మేకల దాణా, స్నానాల తొట్లు మోస్తుంటాం. మారెన్ లైట్‌హౌస్‌లో కూర్చుని, నీటి అడుగున దింపిన మైకుతో ఓర్కా తిమింగలాల మాటలు వినే అమ్మాయి.

"మేడమ్, ఓర్కాల కోసం నెమ్మదిగా పొమ్మన్నది పెద్ద ఓడల్ని. మాది చిన్న పడవ. ఓవర్."

"పడవే చిన్నది, గొంతు పెద్దది. ఇప్పుడే ఒక తల్లి ఓర్కా పిల్లని పిలిచింది. మధ్యలో మీ విరిగిన ప్రొపెల్లర్ క్రీచ్ క్రీచ్‌మని దూరింది. ఆ పిల్ల ఎటు పోవాలో తెలీక గిరగిరా తిరుగుతోంది. ఓవర్."

నాకు సిగ్గేసింది. వేగం తగ్గించాను.

మర్నాడు ఇంకా తగ్గించాను. అది మాత్రం ఓర్కాల కోసం కాదు. ఆమె పసుపుపచ్చ రెయిన్‌కోటులో రాళ్ళ మీదికొచ్చి చెయ్యూపింది మరి.

"ఒరేయ్ టోబిన్, ఇందాక ఓ దుంగ మనల్ని ఓవర్‌టేక్ చేసింది రా," అన్నాడు గస్ బాబాయి.

వేసవంతా అలాగే గడిచింది. "నీ క్రీచ్ మూడు మైళ్ళ నుంచే తెలిసిపోతుంది. వెంటనే టీ పెడతాను," అనేది మారెన్. ఆ టీ నాకు చూపించి తనే తాగేది. మేమిద్దరం వంద గజాల కన్నా దగ్గరికి ఎన్నడూ రాలేదు.

సెప్టెంబరు చివర ఆమెకి అలాస్కాకి బదిలీ అయింది. ఆదివారం సాయంత్రం ఫెర్రీకి ప్రయాణం. నా ప్రాణం ఉసూరుమంది.

"ఆదివారం మధ్యాహ్నం వస్తాను. నువ్వు రాళ్ళ మీదికొస్తే ఒక మాట అడుగుతా. రాకపోతే అడగను. ఓవర్."

ఆమె కన్నా ముందే ఎవరో ట్యాంకర్ కెప్టెన్ అందుకున్నాడు: "రావమ్మా, పాపం. ఓవర్."

పెళ్ళి మాట అడగబోయే మగాడు తల దువ్వుకుంటాడు. నేను ప్రొపెల్లర్ మార్పించాను. కొత్తది అసలు చప్పుడే చెయ్యదు. ఆమె మురిసిపోతుందనుకున్నాను.

ఆదివారం సన్నగా వాన. పెట్యూనియా పిల్లిలా లైట్‌హౌస్ ముందు నుంచి వెళ్ళింది. రాళ్ళ మీద ఎవరూ లేరు. పసుపు రంగన్నదే కనపడలేదు.

"అయిపోయింది బాబాయ్. రానంది."

గస్ బాబాయి ఆల్చిప్పల పులుసు కలుపుతూ నా వంక జాలిగా చూశాడు. "వెర్రి నాగన్నా! ఆ పిల్ల నిన్ను చూసి బయటికొచ్చేదా, విని వచ్చేదా?"

కొత్త ప్రొపెల్లర్ చప్పుడే చెయ్యదని అప్పుడు గుర్తొచ్చింది నాకు. పడవ తిప్పబోయేసరికి ఎదురుగా నల్లని రెక్క లేచింది. ఇంకోటి. ఇంకో నాలుగు. ఓర్కాలు ఇంత దగ్గరుంటే ఇంజన్ ఆపెయ్యాలి. ఆపేశాను. ఆటుపోటు మమ్మల్ని మెల్లగా వచ్చిన దారినే వెనక్కి, లైట్‌హౌస్ వైపే తోసుకుపోసాగింది.

రేడియో అందుకున్నాను. "మారెన్, నేనే. ఓవర్."

"ఎక్కడ చచ్చావ్?" అంది మారెన్. "పొద్దుట్నుంచి హెడ్‌ఫోన్స్ తియ్యలేదు. ఇవాళ ఆ తల్లి పిలిస్తే పిల్ల పలకడం ఎంత బాగా వినపడిందో తెలుసా? వేసవంతా దాని కోసమే కొట్లాడానా, తీరా అది వింటే ఏడుపొచ్చింది. నువ్వు లేవు కదా! ఓవర్."

"నీ కిటికీ ముందే ఉన్నా. ఓవర్."

తలుపు తెరుచుకుంది. పసుపు రెయిన్‌కోటు రాళ్ళ మీద పరుగెత్తింది, చేతిలో రేడియో. మేము కొట్టుకుపోతున్నాం, ఆమె గట్టు వెంట వస్తోంది.

"పెళ్ళి చేసుకుందామా? అలాస్కాలోనూ మేకలుంటాయిగా, దాణా మోస్తా. ఓవర్."

ఆమె గుక్కతిప్పుకుంటోంది. రేడియోలో ఓ కంటైనర్ ఓడ కెప్టెన్ గొంతు: "అమ్మాయీ, త్వరగా చెప్పు. ఇంకా నెమ్మది చేస్తే మా ఓడ వెనక్కి నడుస్తుంది. ఓవర్."

"పాత ప్రొపెల్లర్ ఏదీ?" అంది మారెన్.

"డెక్ మీదే ఉంది."

"పారెయ్యకు. ఇంటి గుమ్మానికి కడదాం. నువ్వొచ్చినట్టు నాకు తెలియాలి. సరే, చేసుకుందాం. ఓవర్."

మా జలసంధిలో శుభవార్త వింటే ఓడలన్నీ హారన్ కొట్టడం ఆనవాయితీ. అందరి చేతులూ అటే పోయుంటాయి.

"ఎవరైనా హారన్ ముట్టుకున్నారంటే చంపేస్తాను!" అని రేడియోలో అరిచింది నాకు కాబోయే భార్య.

ఎవరూ ముట్టుకోలేదు. వానలో నిలిచిపోయిన ఫెర్రీతో సహా అన్ని ఓడలూ దీపాలు ఆర్పి, వెలిగించి, మళ్ళీ ఆర్పాయి.