దొరికిన వస్తువు

సెలవు రోజయినా మామయ్య చేతులు ఊరుకోవు. లాండ్రీ షాపు నడిపే మనిషికి మాసిన బట్టల బుట్ట కనబడితే చాలు, దులపకుండా ఉండలేడు. ఆ ఉదయం ఇంట్లో బుట్టను బోర్లించేసరికి అడుగునుంచి ఒక సిగరెట్టు జారిపడింది. కాస్త వంకరపోయి ఉంది. వెలిగించి వెంటనే ఆర్పేసినట్టు ఒక చివర నల్లబడింది.

మామయ్య దాన్ని చప్పున గుప్పిట్లో దాచేశాడు. ఇంట్లో పదమూడేళ్ళ మేనకోడలుంది. నోరు మూతపడదని చిన్నప్పుడు ఆయనే దానికి రేడియో అని పేరు పెట్టాడు. తండ్రి తాగుడికి బానిసైపోయి ఎటో వెళ్ళిపోయాడు. తల్లి, అంటే మామయ్య అక్క, జబ్బుచేసి పోయిన ఏడాది కన్నుమూసింది. మామయ్య ఇంటికి వచ్చాక రేడియో మోగడం మానేసింది. బావ చేతికి మొదటి సిగరెట్టు అందింది కూడా ఈ వయసులోనే అని అక్క ఒకసారి చెప్పింది.

నిలదీస్తే పిల్ల ఏమైపోతుందో అని భయం. అడక్కపోతే ఏమవుతుందో అని అంతకంటే భయం. చివరికి షాపు పద్ధతి గుర్తొచ్చింది. కస్టమర్ల జేబుల్లో ఏం దొరికినా ప్లాస్టిక్ కవరులో వేసి కౌంటరు మీద పెడతాడు. ఎవరిదని అడగడు. ఎవరిది వాళ్ళు గుట్టుగా పట్టుకుపోతారు. వాళ్ళకి పరువు దక్కుతుంది, ఆయనకి కస్టమరు దక్కుతాడు. అలాగే సిగరెట్టును కవరులో వేసి, "దొరికిన వస్తువు. ఎవరిదో వారు తీసుకోగలరు" అని చీటీ అంటించి, భోజనాల బల్ల మీద పెట్టాడు.

ముందుగా తాతయ్య వచ్చాడు. ఫైర్ స్టేషన్‌లో జీవితమంతా మంటలార్పి రిటైరైన మనిషి. గుండె డాక్టరు గట్టిగా చెప్పాక పొగ మానేశానని ఇంటిల్లిపాదికీ ప్రకటించాడు. కవరు చూడగానే కుర్చీలో కూలబడ్డాడు.

"ఎలా కనిపెట్టావురా?"

"ఏంటి నాన్నా?"

"మేడ మీద, నీళ్ళ ట్యాంకు వెనకాల... రోజుకి ఒక్కటేరా! డాక్టరుతో మాత్రం అనకు. ఆయన క్లినిక్కులో నిప్పంటుకుంటే ఆర్పింది నేనే. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

మామయ్య తేరుకునేలోపు అత్తయ్య టీ కప్పుతో వచ్చింది. ఆవిడ డ్రైవింగ్ నేర్పుతుంది. కొత్తవాళ్ళ పక్కన కూర్చునీ కూర్చునీ, కంగారు పుడితే చాలు, ఎక్కడున్నా ఆవిడ కుడికాలు బ్రేకు నొక్కుతుంది. ఇప్పుడూ నేల మీద ధన్‌మని నొక్కింది.

"ఏవండీ, ఒకే ఒక్క దమ్ము! మొన్న నేర్చుకోడానికొచ్చిన బ్యాంకు మేనేజరు కారుని రివర్సులో పూలకుండీల కొట్లోకి పోనిచ్చాడు. నా కంగారు చూసి ఆయనే ఇచ్చాడు. మిగిలింది బ్యాగులో దాచాను. ఇక్కడికెలా వచ్చింది?" అంటూ బ్యాగు వెతికి, "అదేంటి, నాది నా దగ్గరే ఉందే!" అంది.

తాతయ్య చివాలున లేచి మేడ మీదికి పరిగెత్తాడు. సిగరెట్లు దాచిన పాత ఫైర్ హెల్మెట్టు పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. "నావీ ఉన్నాయి!" అన్నాడు గర్వంగా. అప్పుడర్థమైంది ఇద్దరికీ, ఊరికే బయటపడిపోయామని. మామగారూ కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

గుమ్మం దగ్గర కిసుక్కుమని నవ్వు వినబడింది. రేడియో ఎప్పుడొచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు. అది నవ్వగా విని ఎన్నాళ్ళయిందో! కానీ ఆ నవ్వు నిలవలేదు.

"ఆ కవరు నాది" అంది.

మామయ్య మనసులో వల్లెవేసుకున్న మెత్తటి మాటలన్నీ ఎగిరిపోయాయి. "పదమూడేళ్ళకే! మీ నాన్న కూడా ఇలాగే మొదలెట్టాడు! ఏమైపోయాడో తెలుసా?"

అత్తయ్య కాలు మళ్ళీ నేలని తన్నింది.

"తెలుసు. మీరెవరూ చెప్పకపోయినా తెలుసు" అంది పిల్ల. "స్కూల్లో పెద్ద క్లాసు అమ్మాయి ఒకతి ఉంది. ఆవిడా, ఆవిడ స్నేహితులూ గ్రౌండు గోడ వెనకాల కూర్చుంటారు. మీ అమ్మ ఎలా నవ్వేది అని అడిగింది మామయ్యా. ఇంట్లో ఎవరైనా అడిగారా? అమ్మ మాటెత్తితే తాతయ్య టీవీ పెంచుతాడు. అత్తయ్య బ్రేకు నొక్కుతుంది. నువ్వు ఇస్త్రీపెట్టె పట్టుకుంటావు."

పిల్ల బల్ల మీది కవరు వంక చూసింది.

"వాళ్ళిచ్చిన ఆ సిగరెట్టు నాకు నచ్చలేదు. దగ్గొచ్చి ఆర్పేశాను. కానీ మళ్ళీ ఇస్తే తీసుకుందామనుకున్నాను. వద్దంటే కూర్చోనివ్వరేమో. ఇంకెక్కడ మాట్లాడను?"

మామయ్య షాపులో ఎంత చిన్న మరక మీదైనా, ఏం పడిందమ్మా, ఎప్పుడు పడిందమ్మా అని అడిగి తెలుసుకున్నాకే చెయ్యి వేస్తాడు. కన్నకూతురిలా చూసుకోవాల్సిన పిల్లని ఏడాదిగా ఒక్క ముక్క అడగలేదు. అడిగితే బాధపడుతుందనుకున్నాడు. నిజానికి తనే తట్టుకోలేక తప్పించుకున్నాడు.

లోపలికెళ్ళి బీరువాలోంచి షాపు కవరులో ఉన్న నీలం స్వెటరు తెచ్చాడు. "ఊరందరి బట్టలూ ఉతికాను. ఇదొక్కటి ఉతకలేకపోయానమ్మా. ఉతికితే మా అక్క వాసన పోతుందని."

"నాకెందుకు చూపించలేదు?"

"ఏడుస్తావని."

"ఏడుస్తాను. అయితే ఏంటి?" అని స్వెటరులో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. మామయ్య దాన్ని దగ్గరికి తీసుకుని తనూ ఏడ్చాడు. తాతయ్య మాత్రం ఏడవలేదు, కంట్లో పొగ పడిందన్నాడు. అక్కడ పొగే లేదు.

కాసేపటికి స్వెటరులోంచి గొంతు వచ్చింది. "మామయ్యా, ఏమనుకోకు గానీ, ఇది నిజంగానే కంపు కొడుతోంది."

అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఆ ఊపులోనే మామయ్య అన్నాడు. "ఆ పెద్ద క్లాసు అమ్మాయిని ఒకరోజు ఇంటికి తీసుకురా. అంత మంచి ప్రశ్న అడిగిన పిల్ల గోడు వినేవాళ్ళెవరున్నారో!"

"ఆవిడ ఇంకా సిగరెట్లు తాగుతుంది మామయ్యా."

"తాతయ్యా తాగుతున్నాడుగా. ఇద్దరిచేతా ఒకేసారి మాన్పిద్దాం."

తాతయ్య హెల్మెట్టులోవన్నీ తీసి నీళ్ళ బకెట్టులో పడేశాడు. అలవాటు కొద్దీ పూర్తిగా ఆరాయా లేదా అని వంగి మరీ చూశాడు. అత్తయ్య తన బ్యాగులోదాన్నీ అందులోనే వేసింది.

మామయ్య కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "ఇప్పుడు చెప్పు తల్లీ. మీ అమ్మ ఎలా నవ్వేది?"

రేడియో కళ్ళు తుడుచుకుంది. ముక్కుతో గుర్రుమని, ఊపిరాడనట్టు ఎగపీల్చి నవ్వి చూపించింది. అచ్చం అక్క నవ్వే! తాతయ్య ఉలిక్కిపడి బల్ల అంచు పట్టుకున్నాడు. పిల్ల భయంగా అత్తయ్య కాలి వంక చూసి ఆగిపోయింది.

కాలు కదిలింది. కానీ ఈసారి బ్రేకు మీదికి వెళ్ళలేదు. కొంచెం కుడికి, యాక్సిలరేటరు ఉండే చోటికి జరిగి, మెల్లగా, గట్టిగా నేలకి అదిమింది.

"ఎందుకాగావు? పోనీ, పోనీ!" అంది అత్తయ్య.