రెండో కేబుల్

ఆ ఆస్పత్రి నేలమాళిగలో మెషీన్ల గది ఒకటుంది. చీకటిపడ్డాక అక్కడికి ఎవరూ ఒంటరిగా దిగరు. టెక్నీషియన్ ఒకాయన — అందరికీ పెద్దన్న — పనిలో ఉండగానే ఆ గదిలో కుర్చీలో ఒరిగిపోయాడు. ఇప్పటికీ లోపల కీబోర్డు చప్పుడవుతుందని వాచ్‌మన్ అంటాడు. నేను వినలేదు. నేను విన్నది ఇది.

ఆయన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి ఆ రాత్రి ఒక్కతే దిగింది. పెద్దన్న పోయాక కొత్త సర్వర్ వచ్చింది. పాతదాని పేరే దానికీ పెట్టారు. ఇక పాతదాన్ని చెరిపేయాలి... పొరపాటున కొత్తది చెరిగిందా, పైన పడుకున్న రోగులందరి రిపోర్టులూ గల్లంతే.

పేరు ఒకటే, చిరునామాలు రెండు — పాతది ఒక నెట్‌వర్క్‌లో, కొత్తది ఇంకోదాంట్లో, ఒక్కోదానికి ఒక్కో కేబుల్. ఏ నెట్‌వర్క్‌ని అడిగితే అది తనకు తెలిసిన చిరునామా చెబుతుంది. ఇలాంటివాటికే పెద్దన్న ఊరికే పోరేవాడు: "పేరుపెట్టి పిలిచేముందు రెండో కేబుల్ పీకెయ్ చెల్లెమ్మా. ఇద్దర్నీ ఒకేసారి అడిగితే ఎవరు ముందు పలుకుతారో దేవుడికే ఎరుక!"

ఆమె మరిచిపోయింది. ల్యాప్‌టాప్‌కి రెండు కేబుళ్లూ ఉన్నాయి.

పేరు కొట్టింది. తెర మీద పెద్దన్న ఎప్పుడో రాసిపెట్టిన పలకరింపు వచ్చింది —

"తిన్నావా చెల్లెమ్మా?"

ఆయన పోయాక ఆ మాట అడిగినవాళ్లు లేరు. కళ్లు తుడుచుకుంది. పలకరింపు ఆయనది కాబట్టి ఇది పాతదే అనుకుంది. చెరిపే బటన్ మీద వేలు పెట్టింది.

కింద ఇంకో వరుస...

"రెండోది పీకావా?"

వేలు ఆగిపోయింది. చిరునామా చూసింది. కొత్త సర్వర్‌ది!

కేబుల్ పీకి మళ్లీ పిలిచింది. ఈసారి పాతది పలికింది.

పొద్దున సంగతి చెబితే మేనేజరు నవ్వాడు. "పాత డిస్కంతా కొత్తదాంట్లోకి దింపింది నువ్వే కదమ్మా! పలకరింపూ దాంతోనే వచ్చింది. దెయ్యం లేదు, గియ్యం లేదు."

"అవును సార్," అంది.

నాతో మాత్రం గొంతు తగ్గించి చెప్పింది. చెరిపేముందు పాతదాంట్లో పలకరింపు తెరిచి చూసిందట. ఒక్క వరుసే ఉంది — తిన్నావా చెల్లెమ్మా.

"మరి కొత్తదాంట్లో?"

"అక్కడా అంతే. రెండో వరుస... ఎక్కడా లేదండీ."

ఇప్పుడు రాత్రి డ్యూటీ ఆమే అడిగి వేయించుకుంటోంది. రెండు కేబుళ్లూ కావాలనే ఉంచి, పేరుపెట్టి పిలుస్తుంది. "రెండోది పీకావా" అన్న ఆ కసురు మళ్లీ వస్తుందేమోనని తెల్లారేదాకా చూస్తుంది.