ఏడో ట్యాంకులో నిండు పెంకులు

ఉదయం ఎనిమిదిన్నర. వ్యాక్సిన్ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఆపరేటర్ కాఫీ రెండో గుక్క తాగి బల్ల మీద తల వాల్చాడు. కునుకు తీస్తున్నాడనుకుని ఎవరూ కదిలించలేదు. తొమ్మిదింటికి బల్ల తుడవడానికి వచ్చినామె భుజం తట్టేసరికి మనిషి పక్కకి ఒరిగిపోయాడు.

పదిన్నరకి గూఢచారి శాఖ ఆఫీసులో చీఫ్ తన గది తలుపు మూశాడు. ఎదురుగా కూర్చున్న ఏజెంటుని శాఖలో అందరూ డాక్టరమ్మ అంటారు. ఒకప్పుడు పశువైద్యురాలు. చనిపోయినవాడు ఆమె తమ్ముడు.

“నిన్ను ఆ ఫ్యాక్టరీకి పంపకూడదు. రూల్స్ ఒప్పుకోవు,” అన్నాడు చీఫ్.

“పశువుల జబ్బులు తెలిసినవాళ్లు మన దగ్గర ఇంకెవరున్నారు సార్?”

చీఫ్ ఒక ఫొటో ఆమె ముందుకు తోశాడు. “ఎనిమిదింటికి మీవాడు రహస్య లైన్లో పంపాడు. ఇది వచ్చినట్టు నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలీదు.”

ఫొటో నిండా తెల్లటి గుండ్రటి చుక్కలు. ఆమె ఒక్కో చుక్క మీదా వేలు పెట్టి చూసింది.

పశువుల నోటికీ గిట్టలకీ పుండ్లు తెచ్చే గాలికుంటు వైరస్‌కి పైన పెంకు, లోపల జబ్బు పుట్టించే గింజ. పెంకంటే నాలుగు రకాల ప్రొటీన్లతో కట్టిన గోడ. ఈ ఫ్యాక్టరీ పందుల టీకా కోసం ఆ గోడ ఒక్కటే తయారుచేస్తుంది. డొల్ల పెంకు ఎక్కిస్తే పంది ఒళ్లు శత్రువు మొహం గుర్తుపెట్టుకుంటుంది, జబ్బు మాత్రం రాదు. మైక్రోస్కోపులో చూస్తే డొల్ల పెంకులోకి రంగు దిగి నడుమ నల్లగా కనిపించాలి.

“ఒక్కదానిలోనూ నలుపు లేదు సార్. అన్నీ నిండు పెంకులే. ఇది మందు కాదు, జబ్బు.”

“సముద్రం అవతలి మాంసం ముఠా పని. మన మందలు పోతే మార్కెట్టంతా వాళ్లదే. మధ్యాహ్నం రెండింటికి ఏడో ట్యాంకు నుంచి సీసాల్లోకి నింపుతారు. నలభై లక్షల డోసులు.”

“రెయిడ్ చేయించండి.”

“ఒక్క ఫొటో చూసి ఎవరూ ఆర్డరివ్వరు. ఇచ్చేసరికి లారీలు దాటిపోతాయి. లోపల మన మనిషి ఉంది. క్వాలిటీ హెడ్. కోడ్ పేరు నెమలి. ముందు ఆమెను కలుసుకో.”

గతసారి గాలికుంటు వచ్చినప్పుడు జబ్బు పాకకుండా డాక్టరమ్మ తొమ్మిది రోజుల్లో పదకొండు వేల పందులను చంపించింది. మంద మొత్తం పోయాక పందులు పెంచే ఒకామె ఖాళీ షెడ్డులో కూర్చుని నీళ్ల తొట్టి తోముతూనే ఉండిపోయింది. ఆ మర్నాడే డాక్టరమ్మ పశువైద్యురాలి ఉద్యోగం మానేసింది. ఇప్పుడు తమ్ముడి కోసం ఏడవడానికి కూడా టైము లేదు.

పీహెచ్ మీటర్లు సరిచేసే టెక్నీషియన్ వేషంలో ఒంటి గంటకి గేటు దాటింది. చేతి గడియారంలో కెమెరా, పెన్నులో ట్రాన్స్‌మిటర్. దుమ్మూ ధూళీ చొరనివ్వని క్లీన్‌రూమ్ వాకిట్లో గార్డు ఆ రెండూ తీయించి ట్రేలో పెట్టించాడు. తెల్ల సూటు, మాస్కు, గ్లవ్స్. శాఖ ఇచ్చిన సరంజామా అంతా గుమ్మం బయటే ఉండిపోయింది.

ఏడో ట్యాంకు గదిలో ఒక్కతే నిలబడి ఉంది నెమలి. అదే తెల్ల సూటు, కానీ ఆమె ఒంటి మీద పట్టుచీరలా ఉంది. సెంటు పూసుకోకూడని చోట సన్నగా మల్లెల వాసన.

“గొడుగు తెచ్చారా?” అంది నెమలి.

“ఎండకే తెచ్చాను.”

కోడ్ కలిసింది. నెమలి కళ్లు చెమర్చాయి. “పాపం మీ తమ్ముడు. అక్క అక్క అంటూ ఎప్పుడూ మీ మాటే. సరేగానీ, ఆ తెల్ల చుక్కల ఫొటో ఒక్కటేనా పంపింది? ఇంకేమైనా ఉన్నాయా?”

డాక్టరమ్మకి చీఫ్ మాట గుర్తొచ్చింది. ఆ ఫొటో సంగతి మూడో మనిషికి తెలీదు. తెలిసిందంటే తమ్ముడే చెప్పి ఉండాలి. మన మనిషేనని నమ్మి చెప్పి ఉండాలి. చెప్పాక కాఫీ తాగి ఉండాలి.

“ఒక్కటే,” అంటూ మెల్లగా వెనక్కి జరిగింది. వీపుకి ట్యాంకు చల్లగా తగిలింది.

మాస్కు పైన ఆమె కళ్లు చూసి నెమలికి విషయం అర్థమైంది. పరికరాల ట్రే కింద నుంచి చిన్న పిస్తోలు తీసింది. “పక్కకి రండి.”

“రాను. కాల్చు. గుండు నన్ను దాటి ట్యాంకులోకే పోతుంది. మీవాళ్ల సరుకంతా నేలపాలు.”

గోడ మీద గడియారం ఒంటి గంటా యాభై ఏడు.

“మూడు నిమిషాలు. ఫిల్లింగ్ దానంతటదే మొదలవుతుంది. అలాగే నిలబడి చూడండి.”

డాక్టరమ్మ కుడిచెయ్యి వీపు వెనక పైపు మీద పాకుతోంది. పీహెచ్ సరిచేసే సిట్రిక్ యాసిడ్ వాల్వు అక్కడే ఎక్కడో ఉండాలి. ముఠా దేనికీ జంకకపోవచ్చుగానీ, గాలికుంటు పెంకుకి పులుపు పడదు. పులుపు పెరిగేకొద్దీ తగ్గే పీహెచ్ అంకె ఆరున్నర కిందికి దిగితే గోడ ఇటుకలు ఇటుకలుగా ఊడిపోతుంది. గోడ లేని వైరస్ కోరలు పీకిన పాము.

వాల్వు దొరికింది. బిగుసుకుపోయి ఉంది.

“మావాడు బాధపడ్డాడా?” అని అడిగింది. మాటల్లో పెట్టడానికే అడిగింది. కానీ జవాబు నిజంగానే కావాలి.

“లేదు. కాఫీ బాగుందన్నాడు.”

ఆ మాటతో ఎక్కడి బలం వచ్చిందో, వాల్వు తిరిగింది. పక్కనున్న మీటరులో అంకె ఏడున్నర. ఏడు. ఆరు పాయింట్ ఎనిమిది.

నెమలి చూపు మీటరు మీద పడింది. “ఏం చేశావే?”

ఆరు పాయింట్ ఆరు. గడియారంలో రెండు. ఫిల్లింగ్ పంపు గురక మొదలుపెట్టింది.

ఆరు పాయింట్ నాలుగు. ఆరు.

పీహెచ్ హద్దు దాటగానే అలారం గదంతా దద్దరిల్లేలా మోగింది. పంపు దానంతటదే ఆగిపోయింది. మొదటి సీసా నాజిల్ కింద ఖాళీగా నిలబడి ఉంది.

“అయిపోయింది. క్షారం పోసినా ఆ పెంకులు ఇక అతకవు,” అంది డాక్టరమ్మ. అప్పుడు తట్టింది ఆమెకి: ఇక ట్యాంకుని కాపాడుకోవలసిన అవసరం నెమలికి లేదు.

నెమలికీ అదే తట్టింది. కాల్చింది.

గుండు భుజాన్ని చీల్చుకుని ట్యాంకుకి తగిలింది. పుల్లటి ద్రవం చిమ్మి నేలంతా పారింది. రెండోసారి గురిపెట్టబోతూ నెమలి కాలు జారి వెల్లకిలా పడింది. అలారానికి పరుగెత్తుకొచ్చిన షిఫ్టు సూపర్‌వైజర్ పిస్తోలుని బూటుతో తన్నేశాడు. వెనకే వచ్చిన నలుగురు ఆపరేటర్లు ఆమెను కదలనివ్వలేదు.

“క్లీన్‌రూమ్‌లోకి సెంటు పూసుకొస్తేనే ఊరుకోను. తుపాకీ ఏంటమ్మా?” అన్నాడు సూపర్‌వైజర్, ఆయాసపడుతూ.

మర్నాడు సాయంత్రం చీఫ్ ఆస్పత్రికి వచ్చాడు. తమ్ముడి అంత్యక్రియలు ఆమె లేచేదాకా ఆపామని చెప్పాడు. డాక్టరమ్మ గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది. ఆయన కుర్చీలోంచి కదల్లేదు.

చివరికి, ఏదో ఒకటి అనాలి కనుక అన్నాడు. “నలభై లక్షల ప్రాణాలు కాపాడావు.”

ఆమె మంచి చేత్తో ముఖం తుడుచుకుంది.

“ఆ మాట పందులతో అనకండి సార్. వచ్చే నెల వాటి ప్రయాణం కబేళాకే.”