ఆదివారం బ్రిగేట్ వీధిలో

"ఒకణ్ణి చంపేశారు," అన్నాడు కల్నల్. "ఇంకొకణ్ణి చంపబోతున్నారు. కూర్చో."

బాపిరాజు కూర్చున్నాడు. 1991 ఫిబ్రవరి, గల్ఫ్ యుద్ధం నడుస్తున్న సౌదీలో దమ్మామ్. స్కడ్ క్షిపణి వస్తోందని సైరన్ మోగింది. ఇద్దరూ గ్యాస్ మాస్కులు తగిలించుకున్నారు. బ్రీఫింగ్ మాత్రం ఆగలేదు.

"స్వామి. జగిత్యాల వైపు మనిషి, వాటర్ ట్యాంకర్ డ్రైవర్. హాయిల్ దగ్గర ఒక గోధుమ ఫారంలో శత్రువుల ట్రాన్స్‌మిటర్ చూశాడు. పక్కనున్న క్లీనర్ మల్లేశాన్ని అక్కడే కాల్చేశారు. ఇతను తప్పించుకుని మన దగ్గరికొచ్చాడు. ఆ ముఠా మొహాలు చూసినవాడు ఇతనొక్కడే."

"వెంటనే ఇంటికి పంపాలి."

"ఏజెంట్ ఉజ్వల పంపుతుంది. మూడేళ్లుగా ఇంగ్లండులోని లీడ్స్ నుంచి మనకు రిపోర్టులు రాస్తున్న అమ్మాయి. దేశం దాటించే ఎగ్జిట్ పేపర్లు తెస్తోంది. స్వామిని ఆమె కారెక్కించు. అంతే."

"ఆమెని ఎవరైనా చూశారా సార్?"

"అందరూ చూస్తే ఇంక ఏజెంటేమిటయ్యా?"

బాపిరాజుకు భయం వేయలేదు, ఉత్సాహమూ కలగలేదు. లీడ్స్‌లో నాలుగేళ్లు ఒంటరిగా డ్యూటీ చేసి వచ్చినప్పటినుంచి అతనికి ఏదీ ఏమీ అనిపించడం లేదు. డాక్టరు దీనికి మందు లేదన్నాడు. డిపార్ట్‌మెంటు దీన్ని అర్హత కింద రాసుకుంది.

మర్నాటి సాయంత్రం రెస్టారెంటు. ఒంటరి మగవాళ్లకు ఒక హాలు, ఫ్యామిలీలకు తెరలు కట్టిన క్యాబిన్లు. బాపిరాజు కారు డ్రైవర్ వేషంలో ఉన్న స్వామి హాలు దగ్గర ఆగిపోయాడు.

"సార్, ఆ మేడమ్ మనోళ్లేనా? నా పానం ఆమె చేతుల్ల పెడుతున్నవు."

"ఇంకా పెట్టలేదుగా. వెళ్లి ఏదైనా తిను."

"ఏం తినబుద్ధైతలేదు సార్. మల్లేశమే కండ్లల్ల కనవడుతుండు."

క్యాబిన్‌లో, భార్యాభర్తల వేషంలో, బాపిరాజు ఎదురుగా ఉజ్వల. తెర పడగానే ఆమె నల్లటి ముసుగు తీసింది. ఆ అందం చూస్తే ఎంతటివాడైనా మిషన్ మరిచిపోవాలి. బాపిరాజు మెనూ చూశాడు.

"లీడ్స్‌లో వానలా?"

"గొడుగు అమ్మేశాను."

కోడ్ సరిపోయింది.

"అజాన్ కాకముందే బయల్దేరదాం. డ్రైవర్ని పిలవండి," అందామె.

"వస్తాడు లెండి. లీడ్స్‌లో మీకు పొద్దు ఎలా గడిచేది?"

ఆమె నవ్వింది. "శనివారం దాకా పనే. ఆదివారం మాత్రం నాది. బ్రిగేట్ వీధిలో లంచ్, ఆ తర్వాత చీకటి పడేదాకా బట్టల షాపులు. ఏం రద్దీ! కాలు పెట్టే సందుండదు."

బాపిరాజు చెంచా కింద పెట్టాడు.

ఆ రోజుల్లో ఇంగ్లండులో ఆదివారం బట్టల షాపులు తెరిచేవారు కాదు. చట్టం ఒప్పుకునేది కాదు. నాలుగేళ్లపాటు ప్రతి ఆదివారం అతను ఆ వీధిలో మూసిన తలుపులు చూస్తూ నడిచాడు, బెంచీ మీద చల్లటి శాండ్‌విచ్ తిన్నాడు, పావురాలు తప్ప పలకరించినవాళ్లు లేరు. ఇక్కడేమో సెలవంటే శుక్రవారం సాయంత్రం ఊరంతా బజారు మీద పడుతుంది. సెలవునాడు బజారు మూసే ఊరొకటి ఉంటుందని ఇక్కడ పెరిగినవాళ్ల ఊహకు అందదు.

ఉజ్వల లీడ్స్ మొహమే చూడలేదు. మూడేళ్ల రిపోర్టులూ శత్రువు టేబుల్ మీద, ఈ గల్ఫ్‌లోనే రాసింది. డబుల్ ఏజెంట్. బయట ఆమె కారులో స్వామి కోసం తుపాకులతో కాచుకున్నవాళ్లు ఎవరో ఇక అడగక్కర్లేదు.

"దిలావర్ భాయ్! ఏక్ ఔర్ చాయ్. బినా షక్కర్."

వెయిటర్ దిలావర్ డిపార్ట్‌మెంటు మనిషి. చక్కెర వద్దంటే, డ్రైవర్ని వంటింటి దారిన దాటించమని.

"చాయ్‌కి టైమ్ లేదండీ!" ఉజ్వల లేచింది.

అప్పుడే అజాన్ వినిపించింది. నమాజ్ వేళ మూసెయ్యాలన్న అక్కడి రూలు ప్రకారం రెస్టారెంటు షట్టర్లు గడగడా కిందికి దిగాయి. నమాజ్ అయ్యేదాకా లోపలివాళ్లు లోపలే, బయటి తుపాకులు బయటే.

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ తీసేసరికి బాపిరాజు గ్యాస్ మాస్కు పెట్టుకుని ఉన్నాడు.

"సైరన్ మోగలేదే?"

"లేదండీ," అంటూ పెన్ను క్యాపు తీశాడు. తెల్లటి పొగ ఆమె మొహానికి కొట్టింది. ట్రిగ్గర్ మీద వేలు సడలింది.

"ఎలా... తెలిసింది?"

"ఆదివారం బ్రిగేట్‌లో షాపులు మూసేస్తారు."

"సెలవునాడా?" అని ఆశ్చర్యపోతూనే ఆమె ఒరిగిపోయింది.

మూడో రోజు స్వామి బొంబాయి విమానం ఎక్కాడు. అతను చెప్పిన ఆనవాళ్లతో హాయిల్ ముఠా దొరికింది.

"అంత అందగత్తె ఎదురుగా కూర్చుంటే నీకు నిజంగా ఏమీ అనిపించలేదా?" అన్నాడు కల్నల్.

బాపిరాజు నిజాయితీగా ఆలోచించాడు.

"అనిపించింది సార్. ముందే ఆర్డరిచ్చి ఉండాల్సిందని. షట్టర్లు లేచేసరికి బిర్యానీ అయిపోయింది."