మాజిగెన్ నెత్తిమీది విగ్గు

మూడు నెలలుగా బిరిమ తల దించుకునే ఆ వాకిట్లోకి వస్తున్నాడు. న్‌దార్ దీవిలో పేరున్న కంసాలి. పనితనమంతా వేళ్లలో ఉంది, బుర్రలో మాత్రం ఊక.

ఆ ఇంట్లో యాసిన్ విగ్గులు కడుతుంది. కిత్తనార దువ్వి, మసిరంగులో ముంచి, సన్న జడలల్లి చెవుల మీదికి గుత్తులుగా దించుతుంది. వాటికి కుట్టే బంగారు బిళ్లలు బిరిమ తెస్తాడు.

మొదటి రోజే యాసిన్ మేనకోడలు మాజిగెన్‌ను చూశాడు. చూసి చచ్చాడు. ఆమె నెత్తిన నిండు విగ్గు! పెళ్లయి, ఓ బిడ్డను కన్నాక పెట్టుకునే విగ్గు.

అంతే, మగధీరుడు మనసు అక్కడే పారేసుకుని, కళ్లు నేలకు దించి ఇంటికి పోయాడు. ఆ తరువాత వచ్చినప్పుడల్లా ఇదే వరస.

ఈ రోజు మరో విడత బిళ్లలు తెచ్చాడు. రేపు పొద్దున వాళ్లమ్మ, వంతెన అవతలున్న గాందియోల్ ఊరి పిల్లకు కోలాకాయలు పంపుతోంది. వాళ్లు పుచ్చుకుంటే సంబంధం ఖాయం.

"ఇవిగోనమ్మా," అన్నాడు, మట్టితో మాట్లాడుతున్నట్టు.

"అమ్మా ఏంటయ్యా? నీకు నేను పాలిచ్చానా?" అంది మాజిగెన్.

"ఇల్లాలికి మర్యాద ఇవ్వొద్దా? లోపల మీ బిడ్డ ఏడుస్తున్నట్టుంది, చూడండి."

"అది మేక!"

యాసిన్ చేతిలో నార జారిపోయింది. "ఒరే కంసాలోడా! తడి విగ్గు తలమీద ఆరకపోతే తలకు పట్టదురా. ఉంగరాలు తొడిగి గుండ్రంగా చేయడానికి నీకు కడ్డీ ఉన్నట్టు, నాకు దీని తల ఉంది. మూడు నెలల్లో తొమ్మిది విగ్గులు మారాయి. బిళ్లలు చేసింది నువ్వే. ఏ మొగుడు కొనిస్తాడురా ఒక పెళ్లానికి తొమ్మిది?"

మాజిగెన్ విగ్గు తీసి అతని ముందు పెట్టింది. కింద పెళ్లికాని పిల్ల జడలు. నుదుటి మీద మసి చార.

బిరిమ తలెత్తాడు, మొట్టమొదటిసారి. "రేపు... గాందియోల్‌కు కోలాకాయలు..."

"పంపించుకో. ఆ పిల్ల నెత్తిన ఏముందో చూసి, దూరం నుంచే దణ్ణం పెట్టి రా." మాజిగెన్ విగ్గును మళ్లీ చేతిలోకి లాక్కుంది. "మధ్యాహ్నానికే ఆరిపోతాయివి. నువ్వొచ్చే రోజుల్లో మాత్రం నువ్వు వెళ్లేదాకా తీయలేదు. ఒక్క బిళ్లయినా నీ చేత్తో పెడతావేమోనని. పెట్టావా? నేలకు దండాలు పెట్టావు!"

మర్నాడు కోలాకాయల బుట్ట వంతెన దాటలేదు. యాసిన్ వాకిట్లో దిగింది. ఆమె ఒక కాయ కొరికి, చేదుకు మొహం చిట్లించింది.

"తెలివైనవాడెవడైనా వస్తాడని చూశాను. రాలేదు. సరే, వీడే ఉండనీ."

మాజిగెన్ నెత్తిన మళ్లీ ఎవరిదో తడి విగ్గు. సూదీ దారం బిరిమకిచ్చి తల వంచింది.

"కుట్టు. చేతులు వణికాయో, సూది దిగేది నా తలలోకే. ఇంకోసారి అమ్మా అన్నావో, నీ వేలిలోకి."

బిరిమ బిళ్ల కుట్టాడు. వంకరగా వచ్చింది. దీవిలోకెల్లా మంచి పనివాడట!

ఆమె దాన్ని విప్పించలేదు.